మానిటర్ వచ్చాక ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి ఏమైంది

మూడు వారాల పాటు నా ల్యాప్‌టాప్ స్క్రీన్ రోజుకు నాలుగైదు సార్లు దానంతటదే ఆరిపోయింది. అది ఆరినప్పుడు పక్కనున్న మానిటర్ మాత్రం మామూలుగా వెలుగుతూనే ఉండేది. ఒక షాపులో చూపిస్తే ప్యానెల్ పోయింది, మార్చాలంటే 4,800 రూపాయలు అవుతుంది అన్నారు. ప్యానెల్ పోలేదు. లోపల ఒక్క వైరు కూడా పాడవలేదు. అసలు కారణం దొరికేలోపు ఏ రోజు ఏ పరీక్ష చేశానో, ఎందుకు చేశానో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అది ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నేను మల్కాజిగిరిలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. ఎక్కువగా తెలుగు పుస్తకాలు. ఇదివరకు రచయితలు చేత్తో రాసిన కాగితాలు తెచ్చి ఇచ్చేవాళ్లు. వాటిని పక్కన స్టాండుకి పెట్టుకుని టైపు చేసేదాన్ని. ఇప్పుడు చాలామంది ఆ కాగితాలను ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. దాంతో చూడాల్సిన రాతప్రతి, టైపు చేయాల్సిన పేజీ రెండూ ఒకే 15.6 అంగుళాల స్క్రీన్ మీదికి వచ్చాయి. అటు ఒక వాక్యం చూసి, ఇటు మారి టైపు చేసి, మళ్లీ అటు మారితే ఏ లైన్లో ఉన్నానో వెతుక్కోవాలి. ఒకసారి ఒక రచయిత్రి పుస్తకంలో పేరా మొత్తం దాటేశాను. వరసగా ఉన్న రెండు పేరాలూ "ఆ రోజు" అనే మొదలయ్యాయి, నా కన్ను మొదటి దాని నుంచి రెండో దాని మీదికి జారిపోయింది. మూడో ప్రూఫులో ఆవిడే పట్టుకున్నారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుణెలో ఉన్న మా తమ్ముడికి చెబితే, "అక్కా, ఇంకో మానిటర్ పెట్టుకో. ఒకదాని మీద రాతప్రతి, ఒకదాని మీద పేజీ. మారే పనే ఉండదు" అన్నాడు. జూన్ మొదటి వారంలో 24 అంగుళాల మానిటర్ కొన్నాను.

మొదటి చిక్కు ఆ రోజే వచ్చింది. మానిటర్‌తో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు పొట్టిది, ల్యాప్‌టాప్‌కి అందలేదు. టైప్-సి పోర్టు ఎలాగూ మానిటర్ వైపే ఉంది కదా అని టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ 900 రూపాయలకు కొన్నాను. పెడితే బొమ్మ రాలేదు. మానిటర్ "నో సిగ్నల్" అని చూపించి నిద్రపోయింది. అడాప్టర్ మార్చి ఇమ్మని షాపుకి వెళితే, వాళ్ల ల్యాప్‌టాప్‌కి పెట్టి చూపించారు, పనిచేసింది. వాపసు తీసుకోలేదు.

తర్వాత తమ్ముడు చెప్పాక తెలిసింది. టైప్-సి అనేది ఆ రంధ్రం ఆకారానికి పేరు, అంతే. అందులోంచి బొమ్మ బయటికి రావాలంటే బొమ్మ తయారు చేసే గ్రాఫిక్స్ చిప్పు నుంచి ఆ పోర్టు దాకా ల్యాప్‌టాప్ తయారు చేసినవాళ్లు దారి వేసి ఉండాలి. దాన్ని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. ఉంటే పోర్టు పక్కన డి, పి అక్షరాలు కలిపినట్టున్న చిన్న గుర్తో, థండర్‌బోల్ట్ అయితే మెరుపు గుర్తో తరచుగా వేస్తారు. గుర్తు వేయని కంపెనీలూ ఉన్నాయి కాబట్టి మోడల్ నంబరుతో స్పెసిఫికేషన్లు చూసుకోవడమే సరైన పద్ధతి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి టైప్-సి ఉన్నా డేటా మాత్రమే పోతుంది. నాది అలాంటిదే. అడాప్టర్ కొనే ముందు రెండు నిమిషాలు చూసుకుని ఉంటే ఆ 900 మిగిలేవి. మీరు చూసుకోండి.

మూడు మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి కలిపాక బొమ్మ వచ్చింది. కానీ అక్షరాలు మసకగా వచ్చాయి. సినిమా చూసుకునేవాళ్లకి అది పెద్ద విషయం కాకపోవచ్చు. నా పనిలో మసక ఉంటే తప్పులు దొర్లుతాయి. బ కింద చిన్న గీత పెడితే భ, ప కింద పెడితే ఫ. ధ పొట్టలో చుక్క పెడితే థ. "కథ"ని "కధ" అని టైపు చేయడం మేమందరం చేసే తప్పు, దాన్ని పట్టుకోవాలంటే కనిపించాల్సింది ఆ ఒక్క చుక్క. పన్నెండు పాయింట్ల అక్షరంలో ఆ చుక్క ఎంత ఉంటుందో ఆలోచించండి. అంత పెద్ద మానిటర్ మీద అది పక్క గీతలో కలిసిపోయింది.

మానిటర్ నాసిరకం అనుకున్నాను. కాదు. విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే నాలుగు వరసలు వస్తాయి: ఈ స్క్రీన్ ఒక్కటే, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, రెండో స్క్రీన్ ఒక్కటే. నాది డూప్లికేట్‌లో ఉంది. డూప్లికేట్ అంటే రెండింటి మీదా ఒకే బొమ్మ, కాబట్టి నా విషయంలో రెండూ ఒకే రిజల్యూషన్‌కి ఒప్పుకోవాల్సి వచ్చింది. నా ల్యాప్‌టాప్ స్క్రీన్ 1366×768, అంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలు. మానిటర్ 1920×1080, అంటే ఇరవై లక్షల పైచిలుకు. పదిన్నర లక్షల చుక్కల బొమ్మని సాగదీసి ఇరవై లక్షల చుక్కల మీద పరిస్తే ఒక చుక్క అడ్డంగానూ నిలువుగానూ దాదాపు ఒకటిన్నర గడిలోకి రావాలి. గడి సగం ఉండదు కదా, అందుకని అంచులు పక్క గడిలోకి కారిపోతాయి. ఎక్స్‌టెండ్‌లోకి, అంటే ఒక్కో స్క్రీన్ మీద వేరే బొమ్మ వచ్చేలా, మార్చగానే మానిటర్ తన సొంత 1920×1080కి వచ్చేసింది. థ పొట్టలో చుక్క కనిపించింది. ఆ తర్వాత విండోస్‌లో అక్షరాల అంచులు స్పష్టంగా కనిపించేలా చేసే క్లియర్‌టైప్ సర్దుబాటు కూడా చేశాను. అది ఒక్కో స్క్రీన్‌కి విడిగా అడుగుతుంది, ఏ నమూనా మీకు స్పష్టంగా ఉందో దాన్ని ఎంచుకుంటూ పోవడమే. అక్షరాలతో పని చేసేవాళ్లు తప్పకుండా చేయండి.

ఎక్స్‌టెండ్‌లో పెట్టినా కొందరికి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920×1080 కనిపించదు, 1024×768 దగ్గరే ఆగిపోతుంది. అలా ఉంటే ముందు వైరు మార్చి చూడండి. మానిటర్ తను ఎవరో, ఎంత రిజల్యూషన్ చూపగలదో ఈడీఐడీ అనే చిన్న చీటీలో రాసి పెట్టుకుంటుంది. చీటీ మొదటి పేజీ 128 బైట్లే. హెచ్‌డీఎంఐ వైరులో ఉన్న 19 పిన్నుల్లో రెండు పిన్నుల మీదుగానే ఆ చీటీ చదువుతుంది. అవి సరిగ్గా తగలకపోతే బొమ్మ వస్తుంది కానీ అవతల ఏ మానిటర్ ఉందో ల్యాప్‌టాప్‌కి తెలియదు, అందుకని ఎవరికైనా సరిపోయే చిన్న రిజల్యూషన్ ఇస్తుంది.

ఇక్కడి దాకా మామూలు విషయాలే. అసలు సంగతి తర్వాత మొదలైంది.

మానిటర్ వచ్చాక టేబుల్ మొత్తం మారిపోయింది. మానిటర్ నా ఎదురుగా వచ్చింది, దాని ముందు విడి కీబోర్డు, మౌసు పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ ఎడమ పక్కకి జరిగి, రాతప్రతి చూపించే పలకలా మారింది. మధ్యలో ప్రూఫు కాగితాలు, ఎర్ర పెన్ను, టీ గ్లాసు. తమ్ముడు వీడియో కాల్‌లో ఇంకో సెట్టింగ్ కూడా మార్పించాడు: కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మూత మూస్తే ఏం చేయాలి అనే చోట "డూ నథింగ్". ల్యాప్‌టాప్ మూత మూసి మానిటర్ ఒక్కదాని మీదే పని చేసుకోవాలంటే అది కావాలి. అది పెట్టుకున్నాక మూత మూసి సంచిలో పెట్టకండి, లోపల నడుస్తూనే ఉండి వేడెక్కుతుంది.

జూన్ మూడో వారంలో ఒక రిటైర్డ్ టీచరు గారి ఆత్మకథ పని మీద ఉన్నాను. డెమ్మీ సైజు, 240 పేజీలు, అంటే ఫారానికి 16 పేజీల చొప్పున 15 ఫారాలు. ఆరో ఫారంలో ఉండగా ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లగా అయిపోయింది. రాతప్రతి ఫొటో ఎగిరి మానిటర్ మీద నా పేజీకి అడ్డం వచ్చి పడింది. ఏం ముట్టుకున్నానో తెలియలేదు. పది నిమిషాలు అటూ ఇటూ నొక్కాను. విండోస్ కీ, పి నొక్కి మార్చి చూశాను. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కాను. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే గ్రాఫిక్స్ చిప్పుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, మళ్లీ మొదలుపెడుతుంది, స్క్రీన్ ఒక్క క్షణం ఆరి చిన్న శబ్దం వస్తుంది. మానిటర్ ఆరి వెలిగింది, ల్యాప్‌టాప్ స్క్రీన్ రాలేదు. ఇంతలో ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి చూస్తే స్క్రీన్ వెలుగుతోంది.

ఆ రోజు నుంచి అది అలాగే. ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి గంట. తమ్ముడు, "ఆరినప్పుడు వీడియో తీసి పంపు అక్కా, చూస్తాను" అన్నాడు. వీడియో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే స్క్రీన్ వచ్చేసేది. టార్చి పరీక్ష చేయమన్నాడు. నల్లబడిన స్క్రీన్ మీద ఏటవాలుగా టార్చి వెలుగు పడేలా పట్టుకుంటే లోపల బొమ్మ లీలగా కనిపిస్తుందేమో చూడాలి. కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, వెనక వెలుగు ఇచ్చే బ్యాక్‌లైటే పోయింది అని అర్థం. మంచి పరీక్ష, ఎవరైనా చేసుకోవచ్చు. కానీ నా టార్చి ఫోనులోనే ఉంది. ఫోన్ తీసి టార్చి వేసేసరికి స్క్రీన్ వెలిగి ఉండేది. మూడు సార్లు ఇలా జరిగింది. ఈ మూడు సార్లూ నోటుబుక్కులో రాసుకున్నాను కానీ, అక్కడే జవాబు ఉందని నాకు తట్టలేదు.

ఆ టెన్షన్‌లో పని సగానికి పడిపోయింది. నెలాఖరుకి పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి, టీచరు గారి ఎనభయ్యో పుట్టినరోజుకి ఆవిష్కరణ పెట్టుకున్నారు. ల్యాప్‌టాప్ పూర్తిగా పోతే అన్న భయంతో రోజుకు రెండు సార్లు ఫైళ్లు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకునేదాన్ని.

మొదట మా ఇంటికి దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్లాను. ఒక పూట ఉంచుకున్నారు. వాళ్ల దగ్గర ఒక్కసారి కూడా ఆరలేదు. అయినా సాయంత్రం వెళ్లేసరికి, "అప్పుడప్పుడూ వచ్చి పోతోందంటే ప్యానెలే మేడమ్, ఇవాళ కాకపోతే రేపు పూర్తిగా పోతుంది" అన్నారు. ప్యానెల్, బిగింపు కలిపి 4,800. నేను దాదాపు ఒప్పుకున్నాను. ఆ నెల చేతిలో అంత లేక వాయిదా వేశాను.

మర్నాడు మల్కాజిగిరి నుంచి ఆటోలో సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్లాను. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనమందరం సీటీసీ అనే చోటు, దాని నిండా కంప్యూటర్ షాపులే. నా ప్రింటర్ ఇంకు అక్కడే కొంటాను. ఇంకు ఇచ్చే అబ్బాయి పక్క సందులో ఒక మెకానిక్‌ని చూపించాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ల్యాప్‌టాప్ తెరవకుండానే అడిగాడు.

"అక్కా, స్క్రీన్ ఆరినప్పుడు దాని మీదున్న విండోలు ఏమవుతున్నాయి? అక్కడే ఉండిపోతున్నాయా, మానిటర్ మీదికి దూకుతున్నాయా?"

"దూకుతున్నాయి."

"మౌసు ఎడమ వైపు తోస్తే నల్ల స్క్రీన్‌లోకి పోతోందా, మానిటర్ అంచు దగ్గర ఆగుతోందా?"

అది నేను గమనించలేదు. కానీ ఆలోచిస్తే ఆగిపోయేదనే గుర్తు.

"అయితే ప్యానెల్ మార్చకండి" అన్నాడు.

ఎందుకో కాగితం మీద గీసి చూపించాడు. గ్రాఫిక్స్ దగ్గర బొమ్మ తయారై రెండు దారుల్లో వెళుతుంది. ఒక దారి మూత హింజ్ లోంచి సన్నని పట్టీ వైరు మీద ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి. రెండో దారి హెచ్‌డీఎంఐ పోర్టు మీదుగా మానిటర్‌కి. రెండింటి మీదా ఒకే గీతలు, ఒకే మెరుపులు వస్తుంటే తప్పు మొదట్లోనే, గ్రాఫిక్స్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే వస్తుంటే హింజ్ వైరు, ప్యానెల్ చూడాలి. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచుతుంటే ఏదో ఒక కోణంలో మెరిసినా, రంగులు మారినా అది వైరు. కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్ మొదలవకముందే వచ్చే బయోస్ అనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అరగంట అలా వదిలేస్తే, అక్కడా అదే తప్పు కనిపిస్తే విండోస్‌కి సంబంధం లేదు. డెల్ ల్యాప్‌టాప్‌లలో డి కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే ప్యానెల్ ఒక్కొక్క రంగూ నింపుతూ తనని తాను పరీక్షించుకుంటుందట. నాది ఆ కంపెనీది కాదు.

"ఇవన్నీ ఒక ఎత్తు, మీరు చెప్పింది ఒక ఎత్తు" అన్నాడు. ప్యానెలో బ్యాక్‌లైటో పోతే, చాలావరకు ఆ సంగతి విండోస్‌కి తెలియదు. స్క్రీన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. విండోలు ఆ చీకట్లోనే ఉంటాయి, మౌసు కూడా ఆ చీకట్లోకి వెళ్లిపోతుంది. విండోలు మానిటర్ మీదికి దూకాయంటే, ఆ స్క్రీన్ ఇక లేదు అని విండోస్‌కి ఎవరో చెప్పారన్నమాట. "ఎవరు చెబుతున్నారో నాకు తెలీదక్కా. డ్రైవర్ అయ్యుండొచ్చు. ఇంటికెళ్లి డ్రైవర్ కొత్తది వేసి చూడండి. ఏ టైముకి ఆరిందో రాసుకోండి." డబ్బులు తీసుకోలేదు. వచ్చేముందు ఇంకొకటి అడిగాడు: ల్యాప్‌టాప్ మెటల్ అంచు మీద వేలితో రాస్తే జివ్వుమంటోందా అని. అంటోంది. మా ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులే కానీ ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగ్గా లేదని అప్పుడు తెలిసింది. అలాంటి చోట్ల మానిటర్, ల్యాప్‌టాప్ రెండూ ఆపేసి, ప్లగ్గులు తీసేసి, ఆ తర్వాతే హెచ్‌డీఎంఐ వైరు పెట్టడం, తీయడం చేయమన్నాడు. లేకపోతే ఆ లీకయ్యే కరెంటు వైరు తగిలే క్షణంలో పోర్టు మీద పడి దాన్ని కాల్చేయొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చేయించాను. ఆ 600 రూపాయలు ఖర్చు చేసినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

డ్రైవర్ కొత్తది వేశాను. మార్పు లేదు.

మధ్యలో ఇంకో విషయం నన్ను తప్పుదారి పట్టించింది. రెండు మూడు సార్లు మానిటర్ కూడా రెండు సెకన్లు నల్లబడి వచ్చింది. అంటే గ్రాఫిక్సే పోతోందేమో అని భయపడ్డాను. నోటుబుక్కు చూస్తే ఆ మూడూ నేను కుర్చీలోంచి లేచినప్పుడే జరిగాయి. వెతికితే డిస్‌ప్లేలింక్ అనే కంపెనీ సపోర్టు పేజీలో సరిగ్గా ఇదే ఉంది. గ్యాస్‌తో ఎత్తు మారే కుర్చీల్లో కూర్చున్నప్పుడు, లేచినప్పుడు పుట్టే విద్యుత్ తరంగాన్ని వీడియో వైరు పట్టుకుని, క్షణం పాటు బొమ్మ తెగిపోవచ్చట. పదిసార్లు కూర్చుని లేచి చూశాను. మూడు సార్లు నల్లబడింది. మూడు మీటర్ల సన్న వైరు తీసేసి ఒకటిన్నర మీటర్ల మందపాటి వైరు తెచ్చి, కుర్చీకి దూరంగా టేబుల్ వెనక నుంచి తిప్పాను. అది ఆగిపోయింది. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆరడం ఆగలేదు. అవి రెండూ వేరు వేరు జబ్బులు, నేను ఒకటే అనుకుని నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

జూలై మొదటి ఆదివారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, నా టేబుల్ చివర కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. స్క్రీన్ ఆరింది. నేను నోటుబుక్కులో టైము రాశాను. కాసేపటికి ఫోన్ మోగింది, తీశాను, స్క్రీన్ వచ్చింది. మా అమ్మాయి తలెత్తి, "అమ్మా, నీకు ఫోన్ వస్తేనే స్క్రీన్ వస్తుంది. పొద్దున కూడా అంతే" అంది.

నోటుబుక్కులో పదకొండు సార్లకు స్క్రీన్ తిరిగి వచ్చిన టైము రాసి ఉంది. ఫోనులో కాల్స్ పట్టీ తీశాను. 10:42కి స్క్రీన్ వచ్చింది, 10:42కి టీచరు గారు ఫోన్ చేశారు. 12:15, ప్రెస్సు. 4:30, గ్యాస్ సిలిండర్ అబ్బాయి. పదకొండింట్లో ఎనిమిది కాల్స్‌తో కలిశాయి. మిగతా మూడూ నేను వీడియో తీద్దామని, టార్చి వేద్దామని ఫోన్ తీసుకున్న సార్లు. ఆ వరసలు చూస్తుంటే నా చేతులు వణికాయి.

ముందు ఫోన్ సిగ్నల్ అనుకున్నాను. ఫోనుని ల్యాప్‌టాప్ పక్కన బల్ల మీద పెట్టి, మావారి ఫోన్ నుంచి కాల్ చేయించాను. ఏమీ కాలేదు. పది కాల్స్ చేశాం. ఏమీ కాలేదు. "నువ్వు ఎప్పుడూ అక్కడ పెట్టవు కదమ్మా, ఇక్కడ పెడతావు" అని మా అమ్మాయి ఫోన్ తీసి ల్యాప్‌టాప్ కీబోర్డు ముందు, అరచేతులు ఆనించే చోట, ఎడమ మూల పెట్టింది. స్క్రీన్ ఆరిపోయింది. తీసింది. వెలిగింది. పెట్టింది. ఆరింది.

నా ఫోనుకి పుస్తకంలా మూసుకునే కవరు ఉంది. దాని నాలుకలో అయస్కాంతం ఉంటుంది, అదే టక్కుమని మూసేది. ల్యాప్‌టాప్ మూతలో కూడా ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది, దానికి సరిగ్గా ఎదురుగా కింద భాగంలో హాల్ సెన్సర్ అనే చిన్న పురుగంత చిప్పు ఉంటుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ధర్మం అది. కరెంటు పారుతున్న పలక దగ్గరికి అయస్కాంతం వస్తే, ఆ పలకకి అడ్డంగా కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. మూత మూస్తే అయస్కాంతం సెన్సర్ దగ్గరికి వస్తుంది, మూత పడింది అని విండోస్‌కి కబురు వెళుతుంది. నా ఫోన్ కవరు అక్కడికి రాగానే అదే కబురు వెళ్లింది. మూత పడితే ఏమీ చేయవద్దని నేనే సెట్టింగ్ పెట్టాను కాబట్టి ల్యాప్‌టాప్ నిద్రపోలేదు. మూసిన స్క్రీన్ ఎవరికీ కనిపించదు కనుక దాన్ని మాత్రం ఆపేసి, విండోలన్నీ మానిటర్ మీదికి పంపేసింది. అది చేయాల్సిన పని అది సరిగ్గా చేసింది.

ఇదివరకు ఎందుకు రాలేదంటే, ఇదివరకు ఆ చోట నా చేతులు ఉండేవి. ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే టైపు చేసేదాన్ని. మానిటర్, విడి కీబోర్డు వచ్చాక అది ఖాళీ అయింది, చుట్టూ ప్రూఫు కాగితాలు ఉండటంతో ఫోన్ పెట్టడానికి అదే దొరికింది. రోజుకి ఇరవై సార్లు పెట్టినా, నాలుక సరిగ్గా ఆ మూల మీదికి వచ్చిన నాలుగైదు సార్లే ఆరేది. షాపులో ఎందుకు ఆరలేదో కూడా తెలిసింది. ల్యాప్‌టాప్ అక్కడ వదిలేసి ఫోన్ నా చేతిలో తీసుకెళ్లిపోయాను.

మీ ల్యాప్‌టాప్‌లో ఆ చోటు ఎక్కడుందో తెలుసుకోవడం చాలా సులువు. ఒక పిన్నీసుని దారానికి కట్టి, తెరిచిన మూత అంచుల వెంట మెల్లగా తిప్పండి. లోపల అయస్కాంతం ఉన్న చోట పిన్నీసు అటు లాగుతుంది. మూత మూస్తే ఆ చోటు కింద ఎక్కడ ఆనుతుందో, సాధారణంగా అక్కడే సెన్సర్ ఉంటుంది. రెండు మూడు చోట్ల లాగితే అన్నీ చూడండి, కొన్ని అయస్కాంతాలు మూతని పట్టి ఉంచడానికే పెడతారు. తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి తెచ్చి అక్కడ పెట్టి చూడండి. తిరుపతి నుంచి తెచ్చుకున్న ఫ్రిజ్ బొమ్మతో మా ఇంట్లో పరీక్షించాం, అదీ ఆర్పేసింది. ఒక ల్యాప్‌టాప్ మీద ఇంకో ల్యాప్‌టాప్ పెట్టినా, అయస్కాంతం గొళ్లెం ఉన్న బ్రేస్‌లెట్ పెట్టుకుని టైపు చేసినా ఇలా జరగొచ్చు. మానిటర్ లేనివాళ్లకి అయితే ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నిద్రలోకి వెళుతుంది. నా మొదటి భయం ఫైళ్లు చెరిగిపోయాయేమోనని. నా ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు ఉండేది ఎస్ఎస్‌డీ అనే చిప్పుల డిస్క్‌లో, అందులో రాత అయస్కాంతంతో ఉండదు, ఫోన్ కవరు దాన్ని ఏమీ చేయలేదు.

టీచరు గారి పుస్తకం నాలుగు రోజులు ఆలస్యంగా ప్రెస్సుకి వెళ్లింది. పుట్టినరోజుకి మాత్రం అందింది. పదిహేను ఫారాల్లో ఎక్కడా పేరా పోలేదు, ఆయన మనవరాలు రాతప్రతి పక్కన పెట్టుకుని చదివి చెప్పింది.

తర్వాతి వారం ఇంకు కోసం సీటీసీ వెళ్లినప్పుడు ఆ మెకానిక్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. చెబుతుండగానే చేతిలో ఉన్న పని ఆపేశాడు. బల్ల మీద మొన అయస్కాంతంగా ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది. దాన్ని తీసి, ఎదురుగా తెరిచి ఉన్న తన సొంత ల్యాప్‌టాప్ ఎడమ అంచు మీద, తర్వాత కుడి అంచు మీద అంగుళం అంగుళం జరుపుకుంటూ వెళ్లాడు. కుడి మూల దగ్గర స్క్రీన్ ఆరిపోయింది. కాసేపు దాన్నే చూసి, లోపల టీ తాగుతున్న కుర్రాణ్ణి పిలిచాడు.

"ఇటు రా, ఒకటి చూపిస్తా."